ఎంత దగ్గరికి రావాలో పిల్లికే తెలుసు

మచ్చిక కాని వీధి పిల్లిని ఇంటికి తెచ్చుకున్న మొదటి రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. పగలంతా ఫ్రిజ్ వెనకో, దివాన్ కాట్ కిందో కదలకుండా ముడుచుకుని ఉన్న పిల్లి, లైట్లు ఆరాక మొదలుపెడుతుంది. తలుపు గీరుతుంది, కిటికీ ఊచల మీదికి ఎగబాకుతుంది, గొంతు చించుకుని అరుస్తుంది. తెల్లారి చూస్తే గిన్నెలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఇసుక ట్రేలో ఒక్క అడుగుజాడ కూడా కనిపించదు. దీన్ని తెచ్చి తప్పు చేశామా అన్న ప్రశ్న ఇంట్లో మొదటిసారి వినిపించేది అప్పుడే. చాలామంది చేతులెత్తేసేది కూడా అక్కడే. పిల్లి భయపడుతోందని కాకుండా, తాము దానికి నచ్చలేదని అనుకోవడం వల్ల ఇలా జరుగుతుంది.

మనుషుల చేతుల్లో పెరగని పిల్లికి ఇల్లంటే దారులన్నీ మూసుకుపోయిన చోటు. ఇంతకుముందు ఎప్పుడూ ఇంత దగ్గరగా రాని మనుషులు దాని చుట్టూ తిరుగుతుంటారు. అప్పుడది దాక్కుంటే మొండితనం అనడం అన్యాయం. బయట కుక్కల నుంచి, బండ్ల నుంచి, రాళ్లు విసిరే పిల్లల నుంచి ఇన్నాళ్లూ దాన్ని బతికించింది ఆ బెదురే. ఆ బెదురుతో ఇక పని లేదని దానంతట దానికే తెలిసిరావాలి. అందుకు పట్టే కాలాన్ని ఇంట్లోవాళ్లు ఇష్టంగా ఇవ్వగలిగితే సగం పని అయినట్టే.

ముందు పిల్లిని గుర్తుపట్టాలి

వీధిలో కనిపించే పిల్లులన్నీ ఒక్కటి కావు. లండన్‌లో వీధుల్లో పాటలు పాడుకుని బతికే జేమ్స్ బోవెన్‌కు 2007లో గాయపడిన నారింజ రంగు పిల్లి ఒకటి దొరికింది. దానికి బాబ్ అని పేరు పెట్టాడు. కొన్నాళ్లకే అది అతని వెంట బస్సెక్కింది, భుజమ్మీద కూర్చుని ఊరంతా తిరిగింది. 2012లో వచ్చిన వాళ్లిద్దరి కథ ఎన్నో దేశాల్లో పాఠకులను కదిలించింది. బ్రిటన్ ప్రధానమంత్రి నివాసానికి 2011లో వచ్చిన లారీ కూడా బాటర్‌సీ జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చిన వీధి పిల్లే. ఇలాంటి కథలు చదివి వీధి పిల్లిని తెచ్చుకునేవాళ్లు గమనించవలసిన సంగతి ఒకటుంది. వాటి తీరు చూస్తే అవి మనిషి చెయ్యి ముందే ఎరిగిన పిల్లులని అర్థమవుతుంది. తప్పిపోయినవి, ఎవరో వదిలేసినవి అలాగే ఉంటాయి. రెండు మూడు రోజులు బెదిరినా, తిండి పెట్టే మనిషి వైపు తోక నిలబెట్టుకుని వస్తాయి, ముఖంలోకి చూసి మ్యావ్ మంటాయి.

డాబా మీది నీళ్ల ట్యాంకు సందులోనో, మూతపడిన షెడ్డులోనో పుట్టి, మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లి వేరు. అది మనిషిని చూసి మ్యావ్ అనదు. నేలకు కరుచుకుపోయి, చెవులు తలకు అంటించి, రెప్ప వేయకుండా చూస్తుంది. దగ్గరికి వెళితే బుస కొడుతుంది.

ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో 1980లలో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ చేసిన పరిశోధనలు చూపించాయి. పిల్లి కూనలు మనుషులకు అలవాటుపడటానికి అన్నిటికంటే అనువైన కాలం పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజుల్లో మనిషి ఒడిలో మెలిగినవి పెద్దయ్యాక కూడా మనుషుల దగ్గరికి తేలిగ్గా వస్తాయి. రోజుకు 15 నిమిషాలు ఎత్తుకున్న కూనలకంటే 40 నిమిషాలు ఎత్తుకున్నవి ఎక్కువ మచ్చికయ్యాయి కూడా. అందుకే రెండు నెలల లోపు కూన దొరికితే కొద్ది వారాల్లోనే ఇంటి పిల్లి అయిపోవచ్చు. నాలుగైదు నెలలదైతే నెలలు పడుతుంది. మూడేళ్ల గండుపిల్లి అయితే ఏడాది తర్వాత కూడా ఒళ్లోకి రాకపోవచ్చు, ఒకే గదిలో నిశ్చింతగా నిద్రపోతే అదే గొప్ప.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉండి, తనకంటూ ఒక చోటు, రోజూ ఇంత తిండి పెట్టే మనిషి ఉన్న పెద్ద వీధి పిల్లిని పట్టుకొచ్చి నాలుగు గోడల మధ్య పెట్టడం చాలాసార్లు దానికి మేలు కాదు. దానికి ఆపరేషన్, టీకాలు చేయించి ఉన్నచోటే వదలడం మంచిది. మన దేశంలో 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు కుక్కలతోపాటు పిల్లుల సంతాన నియంత్రణనూ పట్టించుకున్నాయి. చెవి కొస కొద్దిగా కత్తిరించి ఉన్న పిల్లి కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిపోయిందని గుర్తు. ఇంటి అవసరం నిజంగా ఉన్నవి కూనలు, దెబ్బ తగిలి బయట బతకలేనివి, ఉన్న చోటు కూల్చివేతలో పోయినవి.

ఇంటికంటే ముందు డాక్టరు

బోనులో పడ్డ పిల్లి నేరుగా పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. బోను మీద ముదురు రంగు దుప్పటి కప్పితే దాని గింజులాట చాలా మటుకు తగ్గుతుంది. మచ్చిక కాని పిల్లిని మత్తు లేకుండా పరీక్షించడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఆపరేషన్‌కు ఇచ్చే ఆ ఒక్క మత్తులోనే మిగతా పనులూ చేయించుకోవాలి. రేబిస్ టీకా, పిల్లుల ప్రాణాంతక వ్యాధులకు వేసే టీకా, నులిపురుగుల మందు, పేలకు, గోమార్లకు మందు, పళ్లు, చెవుల పరీక్ష అన్నీ అప్పుడే అయిపోతే, నెలల తరబడి మళ్లీ దాన్ని పట్టుకోవలసిన అవసరం తప్పుతుంది. మచ్చిక మొదలయ్యాక మళ్లీ బోనులోకి తోయడమంటే సంపాదించుకున్న నమ్మకమంతా పోగొట్టుకోవడమే.

పిల్లి కరిచినా, రక్కినా గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల చీము పట్టడం చాలా మామూలు. రేబిస్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. "చిన్న గీతే కదా" అని పసుపు అద్ది ఊరుకోకూడదు.

ఒక గది, ఒక అట్టపెట్టె

మొదటి వారాల్లో పిల్లికి ఇల్లంతా ఇవ్వకూడదు. ఒక చిన్న గది చాలు. అటక మీదికి దారి ఉంటే అట్ట పెట్టి మూసేయాలి, మంచం కింద ఖాళీని పెట్టెలతో నింపేయాలి. ఎవరూ చేరలేని చోట దూరిందంటే దానికీ మనుషులకీ మధ్య ఏ సంబంధమూ మొదలవదు. అయితే దాక్కునే చోటే లేకుండా చేయడం అంతకంటే క్రూరం. అందుకు అట్టపెట్టె ఉంది.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను గమనించారు. కొన్నిటికి దాక్కునే పెట్టె ఇచ్చారు, మిగతావాటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్నవి మూడు నాలుగు రోజుల్లోనే తేరుకున్నాయి, లేనివాటికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. పాత టీవీ పెట్టెకు రెండువైపులా రెండు కంతలు కోసి, లోపల పాత చీర మడతపెట్టి వేస్తే సరిపోతుంది. రెండు కంతలు ఎందుకంటే, ఒకవైపు మనిషి కనిపిస్తే ఇంకోవైపు నుంచి పోవచ్చన్న ధీమా ఉండాలి. ఆ ధీమా ఉన్న పిల్లి నిజానికి పారిపోదు, లోపలే ఉండి చూస్తుంది. ఆ చీరను మాత్రం తొందరపడి ఉతక్కూడదు. దానికి పట్టిన తన వాసనే ఆ గదిలో పిల్లికి తెలిసిన ఒకే ఒక్క సంగతి.

ఇసుక ట్రే తిండికి దూరంగా, ఇంకో మూల పెట్టాలి. దుకాణంలో కొన్న సువాసన గింజలకంటే జల్లించిన మామూలు ఇసుకలో కాస్త మట్టి కలిపితే వీధి పిల్లి వెంటనే గుర్తుపడుతుంది. అంతకుముందు అది వాడింది కట్టుబడి ఇసుక గుట్టలనే. తర్వాత మెల్లగా మార్చుకోవచ్చు. ట్రేను రోజూ శుభ్రం చేయాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఇంకొకరు చేయాలి, మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది. అది విసర్జన అయిన ఒకటి నుంచి ఐదు రోజుల తర్వాతే అంటుకునే స్థితికి వస్తుంది కాబట్టి రోజూ తీసేస్తే ముప్పు చాలా తగ్గుతుంది.

మన ఇళ్లలో మామూలుగా కనిపించే కొన్ని వస్తువులు పిల్లికి విషం. నేల తుడిచే ఫినాయిల్, బీరువాలో వేసే కలరా ఉండలు, ఉల్లి, వెల్లుల్లి, బొకేలలో వచ్చే లిల్లీ పూలు. అన్నిటికంటే ప్రమాదం పారాసెటమాల్. జ్వరంగా ఉందని మనుషుల మాత్రలో పావు ముక్క వేసినా పిల్లి చనిపోవచ్చు, దాని కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపలేదు.

చప్పుళ్ల సంగతి కూడా చూసుకోవాలి. కుక్కర్ విజిల్, మిక్సీ, తలుపు ధడాలున పడటం మనకు చెవినపడవు, కొత్త పిల్లికి ఒక్కొక్కటీ గండమే. వంటింటి గోడకు ఆనుకున్న గది కాకుండా ఇంకో గది దొరికితే మంచిది.

తిండితో మొదలు

పెద్ద పిల్లి మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండు రోజులు దాటినా ముద్ద ముట్టకపోతే డాక్టరుకు చెప్పాలి. పస్తున్న పిల్లి ఒంట్లోని కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికి తెస్తుంది.

పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచే అలవాటు మన ఊళ్లలో పాతది. బయట ఎలుకలు, తొండలు తిని బతికే పిల్లికి అది పైతిండిగా సరిపోయింది. ఇంట్లోనే ఉండే పిల్లికి చాలదు. చాలా పిల్లులకు పెద్దయ్యాక పాలు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం చాలినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది లోపిస్తే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండె జబ్బుకూ టారిన్‌కూ ఉన్న సంబంధాన్ని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాల్ పయన్ బృందం బయటపెట్టింది. ఇల్లంతా శాకాహారులైతే పిల్లిని తెచ్చుకునే ముందే ఈ విషయం మాట్లాడుకోవాలి. పప్పన్నం మీద పిల్లిని పెంచడం కుదరదు.

తిండి ఎప్పుడూ గిన్నెలో పడి ఉండకూడదు. రెండు మూడు పూటలు, ఒకే వేళకు, ఒకే మనిషి తీసుకెళ్లాలి. గిన్నె పెట్టి బయటికి వచ్చేయకుండా గదిలోనే దూరంగా నేల మీద, పక్కకు తిరిగి కూర్చోవాలి. పేపరు చదువుకోవచ్చు, మెల్లగా పైకి చదివితే ఇంకా మంచిది, ఆ గొంతు దానికి అలవాటవుతుంది. నిలబడిన మనిషికంటే కూర్చున్న మనిషి పిల్లికి చాలా తక్కువ భయం పుట్టిస్తాడు. మొదట్లో మనిషి వెళ్లాకే తింటుంది. తర్వాత ఒకరోజు పెట్టెలోంచి తల బయటపెట్టి, చూస్తూ చూస్తూ తింటుంది. అప్పుడు కదలకూడదు, ఫోను తీసి ఫొటో తీయకూడదు.

గిన్నెను పూటపూటకీ జానెడు చొప్పున దగ్గరికి జరుపుతూ వచ్చాక గరిటె పని మొదలవుతుంది. పొడుగు కాడ ఉన్న చెక్క గరిటె కొసకు, ఉప్పూ కారం లేకుండా ఉడికించి మెదిపిన కోడిమాంసం రాసి, నేల మీదుగా నెమ్మదిగా చాపాలి. పిల్లి మెడ సాగుతుంది, వెనక కాళ్లు మాత్రం పెట్టెలోనే ఉంటాయి. ముక్కు గరిటె కొసకు తగిలీ తగలకముందే ఒకసారి వెనక్కి లాక్కుంటుంది. మళ్లీ వస్తుంది. నాలుక చిన్నగా ఒకసారి, తర్వాత వెంటవెంటనే నాలుగుసార్లు. కంటిపాప ఇందాక నల్లగా, గుండ్రంగా కన్నంతా నిండి ఉన్నది, ఇప్పుడు కాస్త సన్నబడుతుంది. ముందుపాదం ఒకటి గడప దాటి నేలకు ఆనుతుంది. ఆ పూటకు అంతే. ఇంకో అంగుళం ప్రయత్నించాలన్న ఆశను ఆపుకోవడం పెద్దవాళ్లకు కూడా కష్టమే, కానీ ఆపుకోవాలి. పిల్లికి ఇంకా కావాలనిపిస్తున్నప్పుడే గరిటె వెనక్కి రావాలి.

రోజులు గడిచేకొద్దీ గరిటె కాడను పొట్టిగా పట్టుకుంటూ వస్తే చివరికి కొసన వేలు ఉంటుంది. మొదటి స్పర్శ బుగ్గ మీద గానీ గడ్డం కింద గానీ ఉండాలి. అక్కడ వాసన గ్రంథులు ఉంటాయి, అక్కడ రాయించుకోవడం పిల్లికి ఇష్టం. తల మీది నుంచి దిగే చెయ్యి దానికి గద్దలా కనిపిస్తుంది. పొట్ట ముట్టుకోవడం చాలా పిల్లులకు ఎప్పటికీ నచ్చదు. చెవులు పక్కలకు తిరిగినా, తోక కొస విదిలించడం మొదలైనా, వీపు చర్మం అలలా కదిలినా చెయ్యి తీసేయాలి. బుస కొట్టిన పిల్లిని తిట్టకూడదు. కరవకముందే నోటితో చెప్పింది, అందుకు మెచ్చుకోవాలి.

కళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లి వైపు గుచ్చి చూడటం దాని లెక్కలో కయ్యానికి పిలవడం. రెప్పలు మెల్లగా వాల్చి, సగం మూసి, మళ్లీ తెరిస్తే నాతో నీకు భయం లేదని చెప్పినట్టు. పిల్లులు పెంచేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్న ఈ మాటను 2020లో బ్రిటన్‌లోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించి చూశారు. మనిషి మెల్లగా రెప్పలు వాల్చినప్పుడు పిల్లులు కూడా అలాగే బదులిచ్చాయి. ముందెన్నడూ చూడని మనిషైనా సరే, రెప్పలు వాల్చి చెయ్యి చాపితే, మామూలు ముఖంతో ఉన్నప్పటికంటే ఎక్కువగా దగ్గరికి వచ్చాయి. ఖర్చు లేని పని ఇది. ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు కూడా గది గుమ్మం దగ్గర కూర్చుని చేయగలరు.

వేడి పాలు తాగిన పిల్లి

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మన పిల్లలందరికీ తెలుసు. మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు, మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు పరుగు తీసింది. నవ్వుకోవడానికి చెప్పుకునే కథే అయినా అందులోని పిల్లి స్వభావం అక్షరాలా నిజం. ఒక్క చెడ్డ అనుభవం చాలు, దానికి ముందు జరిగిన మంచి అంతా వెనక్కి పోతుంది. అందుకే మెడ చర్మం పట్టి ఎత్తడం, నీళ్లు చల్లి అదిలించడం, మూలకు తరిమి పట్టుకోవడం, "అలవాటు చేద్దాం" అని బలవంతాన ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఎంత మాత్రం పనికిరావు. గదిలో బంధించి కొడితే పిల్లి కూడా పులవుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

బంధువుల రాకపోకలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. "ఏదీ, పిల్లిని చూపించండి" అని వచ్చినవాళ్లు తలుపు తోసుకుని లోపలికి వెళితే వారాల శ్రమ పోతుంది. కాదని చెప్పడానికి మొహమాటపడకూడదు. పిల్లలకు మాత్రం ముందే విడమరిచి చెప్పి, చిన్న పని ఒకటి అప్పగించాలి. నీళ్ల గిన్నె మార్చడం, పుస్తకం పైకి చదవడం లాంటివి చాలు. పిల్లలు ఈ పనిలో పెద్దవాళ్లకంటే ఓపిక చూపిస్తారు, వాళ్లను నమ్మవచ్చు.

తలుపు తెరిచాక

పిల్లి గదిలో నడిమధ్యన కాళ్లు చాపి పడుకుంటోందంటే ఇంకో గది చూపించే వేళ అయింది. ఒకేసారి ఇల్లంతా వద్దు. రాత్రిపూట, ఇల్లు సద్దుమణిగాక, తలుపు ఓరగా తెరిచి ఉంచితే తనే వచ్చి వాసన చూసి వెనక్కి వెళుతుంది. అంతకుముందే కిటికీలకు, బాల్కనీకి గట్టి వల బిగించాలి. పావురాల కోసం కట్టే సన్నని నైలాన్ వలను పిల్లి గోళ్లతో, పళ్లతో చీల్చగలదు. ఎంత ఎత్తు నుంచి దూకినా పిల్లికేమీ కాదన్న నమ్మకం తప్పు. 1980లలో న్యూయార్క్‌లో ఎత్తయిన భవనాల మీది నుంచి పడి ఒక పశువుల ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లులను వైద్యులు పరిశీలిస్తే 90 శాతం బతికాయి, కానీ వాటిలో చాలావాటికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, దవడలు, కాళ్లు విరిగాయి.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి పాలవాడికి తలుపు తీసిన సందులోంచి పిల్లి బయటపడుతుంది. వెంటపడి పరుగెత్తితే ఇంకా దూరం పోతుంది. తప్పిపోయిన పిల్లుల గురించి 2018లో వెలువడిన ఒక పరిశీలనలో దొరికినవాటిలో 75 శాతం ఇంటికి అర కిలోమీటరు లోపే దొరికాయి. చుట్టుపక్కల మెట్ల కింద, కార్ల కింద, మీటరు బోర్డు సందుల్లో టార్చి వేసి వెతకాలి. అది పడుకున్న చీరను గుమ్మం బయట పరచి, మామూలు వేళకే మామూలు గిన్నె చప్పుడు చేయాలి.

బాగా కుదురుకున్న పిల్లికి సంతోషం కలిగించే మొక్క ఒకటి మన పెరళ్లలోనే ఉంది. విదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్క వాసనకు పిల్లులు పొర్లినట్టే, కుప్పింటాకు వేరు వాసనకు మన పిల్లులు పొర్లుతాయి. పీకిన వేరును కాసేపు వాసన చూడనిచ్చి తీసేయాలి, తిననివ్వకూడదు. కూనలకు అది పట్టదు. బెదురు ఇంకా తగ్గని పిల్లికి వద్దు, ఆ మైకంలో చెయ్యి రక్కవచ్చు.

కొన్ని పిల్లులు ఎప్పటికీ ఒళ్లోకి రావు. రోజూ అదే వేళకు వంటింటి గుమ్మం దగ్గర కనిపిస్తాయి, మనిషి పక్కనుంచి తోక రాసుకుంటూ వెళతాయి, చెయ్యి చాపితే తప్పుకుంటాయి. దాన్ని ఓటమిగా లెక్కపెట్టకూడదు. పుట్టినప్పటినుంచి మనిషిని చూసి పారిపోయిన ప్రాణి, మనిషి ఉన్న గదిలో వీపు తిప్పి పడుకుంటోందంటే అది ఇవ్వగలిగినంతా ఇచ్చింది.

ఇది చదివి పిల్లిని తెచ్చుకోవాలనుకుంటున్నవాళ్లు ముందు గది సర్దుకోండి, వల బిగించండి, మత్తిచ్చి ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గర తేదీ తీసుకోండి. బోను ఆ తర్వాతే. దీపావళి దగ్గరలో ఉంటే, టపాసుల మోత అయిపోయేదాకా ఆగండి.